రామదాసు చెర: కష్టానికి దైవ కారణం

మనిషికి వచ్చే కష్టం వెనుక దేవుడి సంకల్పం ఉందా అన్న ప్రశ్నకు తెలుగునాట ప్రసిద్ధమైన ఉదాహరణ, రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న (17వ శతాబ్దం) చెరవాసం. నేలకొండపల్లిలో పుట్టిన గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672 నుంచి) కాలంలో పాల్వంచ తహశీల్దారు. వసూలైన శిస్తు సొమ్మును భద్రాచలం రామాలయానికి వెచ్చించాడని ఆయనను గోల్కొండ కోటలో బంధించారు. అక్కడ 12 ఏళ్లు గడిపాడని సంప్రదాయం చెబుతుంది.

దీనికి భక్తులు చెప్పే కారణం పూర్వజన్మ కర్మ. వెనకటి జన్మలో చిలుకను 12 ఏళ్లు పంజరంలో ఉంచిన ఫలం తీరాకే రామలక్ష్మణులు వచ్చి 6 లక్షల మొహరీలు చెల్లించి విడిపించారని కథ. ఈ వివరణలో దేవుడు కష్టాన్ని కల్పించడు, కర్మ తీరేదాకా అడ్డుపడడు, అంతే.

రామదాసు కీర్తనల్లో మాత్రం ఈ నిబ్బరం తక్కువ. చేయించిన నగలకు ఒక్కొక్కదానికీ లెక్క చెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకుంటాడు. ఈ కీర్తనలకున్న బలమంతా ఆ నిజాయితీలోనే ఉంది. ఇందుకు భిన్నంగా, సంస్కృత భాగవతం ప్రథమ స్కంధంలో కుంతి, కృష్ణ దర్శనం కలుగుతుంది కనుక ఆపదలే రావాలని కోరింది. రామదాసు విడుదలనే కోరాడు. భక్తి సంప్రదాయం ఇద్దరినీ ఆదరించింది.