ముఖం కానిదాన్ని ముందే తోసెయ్

ఫొటో అప్‌లోడ్ చేస్తే అందులో ఎన్ని ముఖాలున్నాయో చెప్పే వెబ్ ఆప్‌ని పైథాన్ నేర్చుకుంటున్న విద్యార్థి ఇవాళ ఒక్క పూటలో చేసేయగలడు. ఫ్లాస్క్ అనే వెబ్ పరికరంతో చిన్న పేజీ, ఓపెన్‌సీవీ అనే చిత్రాల లైబ్రరీలో ఒక ఫంక్షన్, అంతే. ముఖం దొరికిన ప్రతిచోటుకూ ఒక చతురస్రం చొప్పున ఆ ఫంక్షన్ జాబితా ఇస్తుంది. జాబితాలో ఎన్ని ఉంటే అన్ని ముఖాలు. ఈ సులువు మాత్రం సులువుగా వచ్చింది కాదు.

ముఖం ఫొటోలో ఏ మూలనైనా, ఏ సైజులోనైనా ఉండొచ్చు. అందుకని ఒక చిన్న గడిని ఫొటో అంతటా జరుపుతూ, మళ్లీ సైజు మార్చి జరుపుతూ వెతకాలి. చూడాల్సిన గడులు లక్షల్లో ఉంటే, ముఖం ఉన్నవి ఏ నాలుగో ఐదో. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రౌలీ, బలూజా, కనాడె 1998లో న్యూరల్ నెట్‌వర్క్‌తో చేసి చూపిన పద్ధతి ముఖాలను బాగానే పట్టేది. కానీ వీడియోతో పాటు పరుగెత్తే వేగం దానికి లేదు.

2001లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న పాల్ వయోలా, మైఖేల్ జోన్స్ ఈ చిక్కు విప్పారు. కళ్లున్న పట్టీ చెంపలకన్నా చీకటిగా ఉంటుంది. ముక్కు దూలం కళ్లకన్నా వెలుతురుగా ఉంటుంది. అంటే పక్కపక్క దీర్ఘచతురస్రాల వెలుగు కూడి, తేడా చూస్తే చాలు. ఈ కూడికలకూ వాళ్లు దగ్గరి దారి పట్టారు. ఫొటోలోని ప్రతి బిందువు (పిక్సెల్) దగ్గరా దానికి పైన, ఎడమన ఉన్న వెలుగంతా ముందే కూడి రాసిపెట్టుకుంటే, తర్వాత ఎంత పెద్ద దీర్ఘచతురస్రం మొత్తమైనా నాలుగు అంకెలతో వచ్చేస్తుంది. గ్రాఫిక్స్‌లో ఫ్రాంక్లిన్ క్రో 1984లోనే ఈ ఉపాయం వాడాడు.

24 బిందువుల పొడవూ వెడల్పూ ఉన్న గడిలో ఇలాంటి పోలికలు లక్షన్నరకు పైగా వేయొచ్చు. వాటిలో పనికొచ్చేవి ఏరడానికి ఫ్రాయిండ్, షపీర్‌ల ఎడాబూస్ట్ అనే శిక్షణ పద్ధతి ఉపయోగపడింది. చివరికి నిలిచినవి ఆరువేలకు పైగా. వాటిని 38 అంచెలుగా, జల్లెడ కింద జల్లెడలా పేర్చారు. నా దృష్టిలో అసలు ప్రతిభ ఇక్కడే ఉంది. మొదటి అంచెలో పోలికలు రెండే. అసలైన ముఖాలను దాదాపు అన్నింటినీ కిందికి పంపుతూనే, ముఖం లేని గడుల్లో సగం దాకా అవే తోసేస్తాయి. గోడ, ఆకాశం, చొక్కా లాంటి వాటి మీద యంత్రం సమయం వృథా చేయదు. సగటున గడికి దాదాపు పది పోలికలతో తేలిపోయేది. 700 మెగాహెర్ట్జ్ పెంటియం 3 కంప్యూటర్ మీద సెకనుకు 15 చిత్రాలు చూడగలిగింది.

ఇంటెల్‌లో పుట్టిన ఓపెన్‌సీవీలోకి ఈ పద్ధతి చేరడంతో, శిక్షణ పూర్తయిన జల్లెడలన్నీ ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా ఉచితంగా అందరి చేతికీ వచ్చాయి.

ఈ పద్ధతి పక్కకు తిరిగిన ముఖాన్ని వదిలేస్తుంది. గోడ మీద మరకను ముఖం అనుకోవడమూ ఉంది. వెలుగునీడల మీద నడిచే లెక్క కాబట్టి వెలుతురు సరిగా లేకపోతే తడబడుతుంది. ఇంతకన్నా బరువైన సంగతి ఒకటుంది. అప్పట్లో ఎమ్‌ఐటీలో చదువుతున్న నల్లజాతి యువతి జాయ్ బులమ్‌వినీ ముఖాన్ని ఒక సాఫ్ట్‌వేర్ పట్టలేదు. తెల్ల ముసుగు తొడుక్కుంటే పట్టింది. 2018లో ఆమె, టిమ్నిట్ గెబ్రూ కలిసి ముఖం చూసి స్త్రీపురుష భేదాన్ని గుర్తించే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముదురు రంగు స్త్రీల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా ఉన్నాయి. లేత రంగు పురుషుల విషయంలో 0.8 శాతం మించలేదు.

కాబట్టి ఈ ఆప్ చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ఫొటోలతో సరిపెట్టకండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో నాట్లేసే కూలీలు, తలపాగా చుట్టిన తాత, కొంగు కప్పుకున్న అమ్మమ్మ ఉన్న ఫొటోలు వారి అనుమతితో తీసి, పరీక్షించి చూడండి. లెక్క తప్పే అవకాశం ఉందని పేజీ మీదే రాయండి. లెక్క తేలగానే ఫొటోను సర్వర్ నుంచి తీసేయండి.