నాయకుని నడత - ప్రజల నమ్మకం

ప్రభుత్వం మీద ప్రజలకు నమ్మకం చట్టాలతోనే రాదు. పైన కూర్చున్న మనిషి నడతను బట్టి కూడా వస్తుంది. ఇందుకు లాల్ బహదూర్ శాస్త్రి గారి జీవితం మంచి ఉదాహరణ.

1956లో ఆయన కేంద్ర రైల్వే మంత్రి. ఆ యేడు మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు వద్ద మరో ఘోర ప్రమాదం జరిగింది. ఈసారి ఆయన పట్టుబట్టి పదవి వదిలేశారు. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అయినా శాఖ తనది గనుక బాధ్యతా తనదే అన్నారు.

1964లో ఆయనే ప్రధాని అయ్యారు. 1965లో ఒకపక్క యుద్ధం, మరోపక్క వానలు లేక తిండిగింజల కొరత. అమెరికా గోధుమల కోసం ఎదురుచూసిన రోజులవి. వారానికొక పూట భోజనం మానండని ఆయన ప్రజలను కోరారు. ముందు తన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించకుండా చూశాకే అడిగారని చెబుతారు. సోమవారం రాత్రి ఎన్నో హోటళ్ళు మూతపడ్డాయి. మానకపోతే జరిమానా లేదు, జైలు లేదు. అడిగిన మనిషి మీద గురి, అంతే!

1966 జనవరి 11న తాష్కెంట్‌లో ఆయన కన్నుమూశారు. కారు కోసం బ్యాంకులో చేసిన అప్పు ఇంకా మిగిలే ఉంది. భార్య లలితా శాస్త్రి గారు దాన్ని తీర్చారు.

రాజీనామాతో రైలు ప్రమాదాలు ఆగిపోలేదు, ఒక పూట పస్తుతో కొరత తీరిపోలేదు. అది నిజమే. కానీ కష్టం అందరిదీ అయినప్పుడు అందులో పాలకుడూ ఉన్నాడని జనం నమ్మారు. దేశానికైనా, చిన్న సంఘానికైనా పెద్దరికం వహించేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.