బెజవాడ అద్దెలు

బెజవాడలో బతకడం చవకేనా అని అడిగితే, ఏ బెజవాడలో అంటాను నేను. 1855లో కృష్ణ మీద ఆనకట్ట, తర్వాత రైలు జంక్షన్ వచ్చాక కూలికీ, వ్యాపారానికీ జనం దిగారు. ఏటికీ కొండలకూ మధ్య చోటెంతని? చేతిలో డబ్బు ఆడనివాళ్లు కొండెక్కారు. అక్కడ అద్దె తక్కువే. గ్యాస్ బండ, బియ్యం బస్తా మెట్లెక్కించే ఖర్చు ఎవరూ లెక్కేయరు. 2014లో రాజధాని ఈ పక్కనే అనగానే మా వీధిలో టులెట్ బోర్డులు మాయం. (మా ఇంటి ఓనరుగారు పేపరు మడవకముందే అద్దె పెంచారు!) చవకని సింగ్‌నగర్ వెళ్లినవాళ్ల సామాన్లు 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద పాలయ్యాయి. ఇల్లు చూడబోతే అద్దెతోపాటు, ఆ వరదలో నీళ్లు ఎంతెత్తు వచ్చాయో కూడా పక్కింటివాళ్లను అడగండి.