ఛాయాపటములలో మన పెద్దల వస్త్రధారణము

మన యిండ్ల నడవగోడలకు వ్రేలాడు పాత కుటుంబ పటములను చూచునప్పుడు మనము మొదట ముఖములను పోల్చుకొందుము. తాతగారి ముక్కు ఎవరికి వచ్చినది, మేనత్త కన్నులు ఎవరివి అని ముచ్చటించుకొందుము. కట్టుబట్టలను అంతగా గమనింపము. ముఖము దైవమిచ్చినది, బట్ట మాత్రము ఆలోచించి యెన్నుకొన్నది. తెలుగునాడు విడిచి మూడు నాలుగు తరములైన కుటుంబములవారు తాము లోకమునకు ఎట్లు కనబడ గోరిరో ఆ బట్టలే చెప్పును.

సకుటుంబముగా రూపము నిలుపుకొను వాడుక కెమెరాతో వచ్చినది కాదు. తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలు 16వ శతాబ్దపువి. రాయల తలపై ఆస్థానమునకు తగిన పొడవైన కుళ్లాయి యున్నది. నడుమునకు పైన మాత్రము వస్త్రము లేదు. ఏలికయు భక్తుడును ఒక్క వేషమునందే కానవచ్చుచున్నారు. ఆ ప్రతిమల భుజములపై పేర్లు చెక్కబడి యుండుట మఱువదగదు. 17వ శతాబ్దమున మధురలో వెలసిన పుదుమండపపు స్తంభములపై తెలుగు మూలము గల నాయకరాజులు రాణులతో గూడ నిలువెత్తుగా నున్నారు. పరాయిసీమలో స్థిరపడిన తెలుగు కుటుంబము తీయించుకొన్న పటమని వానిని చెప్పినను తప్పులేదు.

ఛాయాచిత్ర విద్య 1839లో పారిస్ నగరమున ప్రకటింపబడెను. 1856 నాటికే చెన్నపట్టణమున ఛాయాచిత్ర సంఘ మేర్పడెను. అయినను మన యిండ్లకు అది త్వరగా రాలేదు. పటము తీయించుకొన్న ఆయుష్షు తఱుగునను భయ మొకటి. పరపురుషుని యెదుట స్త్రీలు కూర్చుండుట యెట్లను శంక మఱియొకటి. రెండవ చిక్కును గుర్తెఱిగినవాడు లాలా దీనదయాళ్. ఆయన 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకు జనానా స్టూడియో తెఱచి, దాని నిర్వహణము ఒక ఆంగ్ల వనిత కప్పగించెను.

భయము తీఱిన పిదప పటము తీయించుకొనుట చిన్నపాటి శుభకార్యమే యయ్యెను. పెండ్లికో, షష్టిపూర్తికో, ఉద్యోగపు బదిలీకో ముహూర్తము కుదుర్చుకొనిరి. భోషాణము తెఱచి పట్టుబట్టలు తీసిరి. పురుషులు పంచెపై కోటు తొడిగి, తలపాగా చుట్టి, గడియారపు గొలుసు కనబడునట్లు సర్దుకొనిరి. మైసూరు కొలువువారు మైసూరు పేటా ధరించిరి. కోటు లేనివారికి స్టూడియోవారే యిచ్చుట కలదు. చేతులు వ్రేళ్లను దాటి వ్రేలాడు కోటులో బిక్కమొగము వేసిన పిల్లవానిని పాత పటములలో చూచి నవ్వుకొననివా రుందురా! స్త్రీల సంగతి వేఱు. కాసులపేరు, వడ్డాణము, జడబిళ్లలు ఇంటివి; రవికె చేతుల కుచ్చులు, జాలరులు మాత్రము కొత్త కాలపువి. పురుషుడు కచేరీని, స్త్రీ పుట్టినింటిని ఒంటిపై మోసికొని ఒకే తివాచీపై కూర్చుండిరి.

ఇచ్చట ఒక చిక్కున్నది. ఆ కాలపు పలకలకు నీలపు వెలుగే చక్కగా సోకెడిది. ఎఱుపు, పసుపు సోకెడివి కావు. 1873లో ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పలకలకు రంగు పట్టించి ఆకుపచ్చను గ్రహించు మార్గము చూపెను. ఎఱుపును గూడ గ్రహించు పలకలు 20వ శతాబ్దమున గాని అంగళ్లకు రాలేదు. కావున పాత పటములలో నీలపు చీర తెల్లగాను, కుంకుమ రంగు చీర నల్లగాను వచ్చెను. పసుపు పూసుకొన్న ముఖము చామనచాయకు దిగెను. మధుపర్కముల ఎఱ్ఱంచు నల్లంచుగా మాఱెను. శుభకార్యమున నలుపు కూడదని పట్టుపట్టిన యింటి పెండ్లికూతురే నేడు మునిమనుమల కంటికి నల్లచీరతో కానవచ్చుచున్నది! "అమ్మమ్మ కాలమున మనవారికి ఆ పట్టింపు లేదు కాబోలు" అని పిల్లలు అనుకొన్నచో అది రసాయనము చేసిన అబద్ధము. రంగులద్దిన పటములను గూడ నమ్మరాదు. అద్దినవాడు ఆ చీరను చూచియుండ నక్కఱలేదు. పచ్చ తన చేతికందినచో పచ్చయే పూసెను.

ఇది ప్రవాస కుటుంబములకు చిన్న నష్టము కాదు. గంజాము 1936లో ఒరిస్సాలో చేరెను. బరంపురము పట్టు నేసిన తెలుగు దేవాంగులకుగాని, షోలాపురమునకు మగ్గము తరలించిన పద్మశాలీలకుగాని చీర అంచే వంశావళి. పటములో నేత కనబడును గాని రంగు పోయినది. రంగు చెప్పగలవారు ఒకరొకరుగా వెడలిపోవుచున్నారు. 1950 ప్రాంతపు పటములలో ఒడిలో కూర్చున్న పసివారే నేటి మన పెద్దలు. వారి నడుగుటకు ఇంకను వ్యవధి యున్నది.

ఇప్పుడు కుటుంబ పటమనగా అందఱును ఒకే రంగు కట్టుట పరిపాటి యైనది. మాకు అది రుచింపదు. అది బడిపిల్లల వరుసవలె నుండును. ఎవరి యిష్టము, ఎవరి వయస్సు, ఎవరి పుట్టిల్లు ఏదో తెలియదు. అవ్వగారి పట్టుచీర కట్టదలచినచో నాలుగు దినములు ముందుగా విప్పి నీడపట్టున ఆరవేయవలెను. ఏండ్ల తరబడి ఒకే మడతలోనున్న జరీ ఆ మడతవెంటనే చిట్లును. మిక్కిలి సన్నని గళ్ల బట్ట డిజిటల్ కెమెరాలో అలలవలె మిఱుమిట్లు గొలుపును గనుక దానిని మానుట మేలు. చీరకట్టు మాత్రము పెద్దవారినే అడిగి కట్టించుకొనుడు.

పాత పటములను ఈ పండుగకే గోడనుండి దింపి, చట్రము విప్పి, ఎవరు ఎవరో, ఏ యూరో, చీర ఏ రంగో పెద్దల నడిగి వెనుక వ్రాయుడు. సిరా కాలక్రమమున ముందువైపునకు ఊరును. మెత్తని పెన్సిలు చాలును, నొక్కి వ్రాయకుడు.