పక్కింటి మేడపై అర్జీ: మాటమాటకూ వ్యాఖ్య

శ్రీవిజయపురం (2024 సెప్టెంబరు దాకా పోర్ట్‌బ్లెయిర్) మున్సిపల్ కౌన్సిల్‌కు పక్కింటి కట్టడం మీద ఇచ్చే అర్జీల సారం ఒక్క వాక్యానికి వస్తుంది: “పక్కింటివారు ప్లానుకు భిన్నంగా, సెట్‌బ్యాక్ వదలకుండా అదనపు గది కడుతున్నారు, నా ఇంటికి నష్టం, విచారించి ఆపించగలరు.”

పక్కింటివారు: ఇరుగుపొరుగు తగాదాలే అని దీన్ని కొట్టిపారేయడం అన్యాయం. ఉడిపిలో కల్యాణ మండపానికి ఇచ్చిన అనుమతిని సినిమా హాలుకు మార్చినప్పుడు ఆ పేటవాసి రామదాస్ షెణై కోర్టుకెక్కారు. 1974లో ఆ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమంటే, నిబంధన మీరిన కట్టడం చుట్టుపక్కల నివసించేవారి హక్కునే దెబ్బతీస్తుందని. పొరుగువాడికి అడిగే అధికారం అక్కడినుంచే గట్టిపడింది.

ప్లాను: ఈ దీవుల్లో భూమి కేంద్ర ప్రభుత్వానిదని 1966 నాటి భూమి రెవెన్యూ రెగ్యులేషన్ చెబుతుంది. మన చేతిలో ఉండేది కౌలుహక్కో, లైసెన్సో, గ్రాంటో. కాబట్టి ప్లానుకంటే ముందు ఫారం ఎఫ్ చూడాలి, భూమి ఎవరి పేర ఉందో, ఎంత ఉందో తెలుస్తుంది. అర్జీ పెట్టేవాళ్లు మొదట తమ ఫారమే తీసి తమ గోడ హద్దు దాటిందేమో చూసుకోవాలి. ఎదుటివాళ్ల లాయరు చూసే మొదటి కాగితం అదే.

సెట్‌బ్యాక్: హద్దుకూ గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీ. జంగ్లీఘాట్ లాంటి ఇరుకు పేటల్లో దాన్ని వృథాస్థలం అనుకునేవాళ్లున్నారు. కానీ ఇక్కడ ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పక్కవాళ్ల రేకులు హద్దుదాకా వస్తే చూరునీళ్లు నేరుగా మన పునాదిలో దిగుతాయి. ఏటవాలు నేలలో అయితే పైఇంటివాళ్లు మట్టి తవ్వి గది లేపడమంటే కిందింటి కట్టుగోడ మీద బరువు పెట్టడమే. ఆపైన భూకంపం. ఐఎస్ 1893 ప్రమాణం (2016) ఈ దీవులను తీవ్ర భూకంప ప్రమాదమున్న 5వ జోన్‌లో చేర్చింది. 2004 డిసెంబరు 26న దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగి, సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చింది. భూమి ఊగినప్పుడు ఆనుకున్న రెండు కట్టడాలు వేరువేరు లయల్లో కదిలి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గోడకు గోడ ఆనిస్తే మనం పోగొట్టుకునేది గాలీ వెలుతురూ మాత్రమే కాదు. నా దృష్టిలో మొత్తం అర్జీకి ప్రాణం ఈ మాటే.

అదనపు గది: మేడమీద గదైనా, పెరట్లో వంటిల్లయినా కొత్త కట్టడమే. పాత అనుమతి దానికి చాలదు.

నష్టం: ఇక్కడే చాలా అర్జీలు నీరుగారిపోతాయి. కిటికీలోంచి సముద్రం కనబడటం లేదన్నది బాధే, హక్కు కాదు. వెలుతురూ గాలీ వేరు. ఇరవై ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా అనుభవించినవి 1963 కాలపరిమితి చట్టం 25వ సెక్షను కింద హక్కులవుతాయి. గోడ బీట, ఇంకే నీరు, తేదీలున్న ఫోటోలు జతచేయాలి. కోపం రాయనక్కర్లేదు.

విచారించి ఆపించగలరు: “కూల్చండి” అనకుండా “విచారించి” అనడం మర్యాద ఒక్కటే కాదు, చట్టప్రకారం కూడా సరైనది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు కనీసం 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. కట్టినవాళ్ల మాట వినాలి, అది వాళ్ల హక్కు. అదే ఏడాది డిసెంబరు 17న మీరట్ అక్రమ కట్టడం కేసులో సుప్రీంకోర్టే, ఎంత డబ్బు పోసినా, ఎంత కాలం గడిచినా అక్రమం సక్రమం కాదనీ చెప్పింది. కౌన్సిల్ ఆర్డరు నచ్చనివాళ్లకు మున్సిపల్ చట్టంలోనే అప్పీలు ఉంది, ఆ తర్వాత కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి ఈ ఊళ్లోనే ఉంది. అయితే స్లాబు పడ్డాక పోరాటం ఏళ్లు సాగుతుంది. పిల్లరు గుంటలు తవ్వుతున్నప్పుడే అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.