తోకచక్రం విమానం, మన నేల

1953లో కడపలో విమానాశ్రయం ఏర్పడిన నాటికి మన ఫ్లయింగ్ క్లబ్బులలో ఎక్కువగా టైగర్ మాత్‌లే ఉండేవి. వాటికి బ్రేకులు లేవు. తోక కింద చక్రానికి బదులు ఒక ఊత మాత్రమే. పచ్చిక నేలపై అది మట్టిని గీరుతూ విమానాన్ని ఆపేది, తిన్నగా ఉంచేది. తారుపై దానికి పట్టు చిక్కదు. 1958లో తొలిసారి ఎగిరిన బెంగళూరు పుష్పక్‌కు తోకచక్రం వచ్చింది.

అయినా చిక్కు తీరలేదు. తోకచక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. ఒకసారి పక్కకు తిరగసాగితే ఆ బరువే ఇంకా తిప్పేస్తుంది. పచ్చికపై చక్రాలు కాస్త జారి సర్దుకుంటాయి. తారుపై పట్టేసి, రెక్క నేలకు తగిలేదాకా గిర్రున తిప్పుతాయి.

ఇక మన సీమలో ఆషాఢపు గాలి, వానకు చక్రాన్ని దిగలాగే నల్లరేగడి, ట్యూబును గుచ్చే పల్లేరుకాయ ఉండనే ఉన్నాయి. ముక్కు ఎత్తుగా ఉండి పైలటుకు ఎదురుదారి కనిపించదు; వంకరటింకరగా నడుపుతూ పక్కలనుంచి చూసుకోవాలి. గాలి బలంగా వీస్తే రెక్కల చివరలు పట్టుకొని మనుషులు వెంట నడవాలి.

2015లో కడపకు, 2021లో కర్నూలు జిల్లా ఓర్వకల్లుకు వచ్చిన ప్రయాణికుల విమానాలకు ముక్కుచక్రం ఉంది, ఆ అవసరం లేదు. పైలటు లాగ్‌బుక్కులో రెక్క పట్టినవారి పేర్లకు గడి లేదు. మన సభ్యుల కుటుంబాలలో అట్టివారెవరైనా ఉంటే, వారు చెప్పగలిగిన రోజుల్లోనే ఆ అనుభవాలను రాయించి ఉంచడం మన బాధ్యత.