పిండిలో పడ్డ చినుకు

ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి మబ్బవుతుంది, మబ్బు వానవుతుంది. బడిలో అందరం బట్టీపట్టిన వరసే. ఇందులో చివరి మెట్టు మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. మబ్బు నిండా నీళ్లే కదా, మరి చాలా మబ్బులు కురవకుండానే ఎందుకు తేలిపోతాయి?

మబ్బు సంగతి ముందే తేలింది. 1875లో ఫ్రాన్సులో కూలియే, తర్వాత కొన్నేళ్లకు స్కాట్లండులో జాన్ ఐట్కెన్ ఎవరికి వారుగా ఒకే మాట చెప్పారు: గాల్లో దుమ్ము లేకపోతే ఆవిరి నీటిబొట్టు కావడానికి మొరాయిస్తుంది. సముద్రపు ఉప్పో, పొగో, మట్టో, ఏదో ఒక రేణువు పట్టు దొరకాలి. అలా పుట్టిన బొట్టు అడ్డకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు. సెకనుకు ఒక సెంటీమీటరు మించి దిగలేదు. కిందినుంచి లేచే గాలి దాన్ని ఎంచక్కా మోస్తూ ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల చినుకు కావాలంటే అలాంటి బొట్లు పది లక్షలు ఒక్కటి కావాలి. ఎలా?

మొదట చినుకును కొలిచి చూద్దామనుకున్నవాళ్లలో ఒకడు పాడి రైతు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, జెరికో ఊరు. పేరు విల్సన్ బెంట్లీ. మంచు రేకుల ఫొటోలతో పేరు తెచ్చుకున్నవాడే. పళ్లెంలో అంగుళం మందాన మెత్తటి పిండి పోసి, వానలో కొన్ని క్షణాలు పట్టి, లోపలికి తెచ్చేవాడు. చినుకు పడ్డ చోటల్లా ఒక పిండి ఉండ కట్టేది. అవి ఆరాక ఏరి కొలిచేవాడు. ఉండ సైజూ చినుకు సైజూ ఒకటేనా అన్న అనుమానం కూడా ఉంచుకోలేదు; కొలత తెలిసిన బొట్లను పిండిలో వేసి సరిచూశాడు. 1904లో అచ్చయిన అతని వ్యాసాన్ని పండితులు చాలాకాలం పట్టించుకోలేదు. పట్టా లేని రైతు మాట కదా! నలభై ఏళ్లకు, వానదెబ్బకు నేల ఎలా కోసుకుపోతుందో లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు అదే పిండి పళ్లెం మళ్లీ బయటికొచ్చింది.

చినుకు ఆకారం గురించి బొమ్మల పుస్తకాలు చెప్పేదంతా అబద్ధం. కోసుగా తోక ఉండదు. చిన్నది గుండ్రంగా ఉంటుంది. పెద్దది గాలి ఒత్తిడికి అడుగు చదునై, పైన ఉబ్బి, పళ్లెంలో పెట్టిన ఇడ్లీలా దిగుతుంది. అయిదారు మిల్లీమీటర్లు దాటితే దారిలోనే చితికిపోతుంది.

పది లక్షల లెక్కకు జవాబు 1922 చలికాలంలో నార్వేలో దొరికింది. ఓస్లో పక్కన వోక్సెన్‌కొల్లెన్ కొండ మీద విడిది చేసిన స్వీడన్ శాస్త్రవేత్త టోర్ బెర్జెరాన్, అడవి బాటలో నడుస్తూ ఒక వింత గమనించాడు. ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువన ఉన్న రోజుల్లో పొగమంచు చెట్ల మధ్య నేలదాకా దిగడం లేదు. సున్నా దాటిన రోజుల్లో దిగుతోంది. కొమ్మల మీది మంచు స్ఫటికాలే ఆవిరిని లాగేసుకుని, చుట్టూ గడ్డకట్టకుండా ఉన్న నీటిబొట్లను ఎండగడుతున్నాయని ఆయన పోల్చుకున్నాడు. మంచు నీటిని మింగి పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త వేగనర్ 1911లోనే రాశాడు. మబ్బు పైఅంచున జరిగేదీ ఇదేనని బెర్జెరాన్ తేల్చాడు. పెరిగిన స్ఫటికం బరువెక్కి జారుతుంది, వెచ్చని గాలిలో కరిగి చినుకవుతుంది. వేసవిలో మన మామిడి తోటల మీద పడే వడగళ్లు మాత్రం, గడ్డకట్టని బొట్లను పొదువుకుని లావెక్కి, పూర్తిగా కరగకముందే నేల చేరిన మంచు.

అయితే బెర్జెరాన్ చలిదేశంవాడు, అన్ని వానలకూ మంచే మూలమనుకున్నాడు. ఉష్ణదేశాల్లో మంచు ముఖమే చూడని పొట్టి మబ్బులూ కురుస్తాయి. అక్కడ కాస్త పెద్ద బొట్టు కిందికి దిగుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుంటుంది. సముద్రపు ఉప్పు రేణువుల మీద కట్టిన బొట్లు మొదటినుంచీ పెద్దవే కాబట్టి ఈ పని ఇంకా తేలిక.

మంచు దారి తెలిశాక మనిషి మబ్బుల్లో చెయ్యిపెట్టాడు. 1946లో అమెరికాలో షేఫర్, మబ్బులో మంచు స్ఫటికాలు పుట్టించడానికి విమానం మీంచి పొడిమంచు చల్లాడు. ఆ వెంటనే వానెగట్, సిల్వర్ అయొడైడ్ కూడా ఆ పని చేస్తుందని కనిపెట్టాడు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హయాంలో రాయలసీమ మీద ‘మేఘమథనం’ పేరిట విమానాలు తిరిగింది ఈ సూత్రంతోనే. చల్లితే చల్లారుగానీ, రసాయనం చేయగలిగింది ఉన్న బొట్లను చినుకులుగా మలచడమే. మబ్బే లేని ఆకాశంలో దానికి పని లేదు. కరువు ఏడాది లోపించేది సరిగ్గా ఆ మబ్బే.